పెద్ద బండి కొన్నాయన కట్టని ఖర్చు ఎవరి నెత్తిన పడుతున్నది? కొలతలతో చెప్పండి

#1 వడ్డేపల్లి_వాసి
ముందే చెప్తున్న, ఏ కంపెనీ బండి మంచిది అనే చర్చ కాదిది. అది వేరే చోట్ల మస్తు నడుస్తున్నది. దేశంల అమ్ముడుపోయే కొత్త కార్లల్ల సగానికి పైన యుటిలిటీ బండ్లే (ఎస్‌యూవీలు, ఏడు సీట్ల బండ్లు) అయినయి. హన్మకొండ చౌరస్తాల పది నిమిషాలు నిలబడితే ఆ సంగతి కండ్లకే కనబడతది. ఇంట్ల నలుగురు, బండి ఏడు సీట్లది, రోజూ అండ్ల కూసుండేది ఒక్కరు.

ఈఎంఐ, డీజిల్, సర్వీసు కొన్నాయనే కడతడు. అది ఆయన ఇష్టం, మనకు సంబంధం లేదు. నేనడిగేది ఆయన కట్టని దాని గురించి. గల్లీల జాగ, గుద్దితే అవతలోనికి తగిలే దెబ్బ, రాత్రి కండ్లల్ల కొట్టే లైటు, పొగ. వీటి మీద పని చేసేటోళ్లు ఇక్కడ ఉన్నరు కాబట్టి అడుగుతున్న. తిట్లు వద్దు.

#2 బీటీ_రోడ్డు
జాగ నుంచే మొదలుపెడదాం, అది టేపుతో తేలిపోయే విషయం.

వ్యాగన్‌ఆర్ పొడవు 3,655 మి.మీ., వెడల్పు 1,620. ఫార్చ్యూనర్ పొడవు 4,795, వెడల్పు 1,855. రెండింటికీ అద్దాలు కలపలేదు. నేల మీద మొదటిది తీసుకునేది 5.9 చదరపు మీటర్లు, రెండోది 8.9. ఒకటిన్నర రెట్లు. గల్లీలో రాత్రంతా ఆపినందుకు ఇద్దరూ కట్టేది ఒక్కటే, సున్నా.

పాత వరంగల్‌లో 20 అడుగుల గల్లీలకు కొదవ లేదు. 20 అడుగులంటే 6.1 మీటర్లు. రెండు పక్కలా బండ్లు ఆపుతారు. గోడకు, మోరీకి వదిలే సందు పక్కకు 20 సెం.మీ. చొప్పున 40 తీసేయండి. రెండు పక్కలా వ్యాగన్‌ఆర్‌లు ఉంటే మధ్యలో మిగిలేది 2.46 మీటర్లు. రెండు పక్కలా ఫార్చ్యూనర్లు ఉంటే 1.99. 108 బండికి అద్దాలతో కలిపి రెండు మీటర్లకు పైనే కావాలి. అంటే మొదటి గల్లీలో డ్రైవర్ మెల్లగా తోలుకుంటూ పోతాడు, రెండో గల్లీలో మూల మీద ఆగి స్ట్రెచర్ దింపుతాడు. ఫైరింజన్‌కు దాదాపు రెండున్నర మీటర్లు కావాలి, దానికి రెండు గల్లీలూ మూసుకున్నట్టే.

బజారులో రోడ్డు అంచుకు వరసగా ఆపే చోట బండి పొడవు మీద ఇంకో మీటరు వేసుకోండి, లోపలికి తిప్పి బయటికి తీయడానికి. వంద మీటర్ల అంచులో చిన్నవి 21 పడతాయి, పెద్దవి 17. ఆ నాలుగు జాగాలు పోయిన సంగతి ఏ దుకాణపాయనకూ బిల్లు రూపంలో కనపడదు.

#3 పోచమ్మమైదాన్_ఆటో
సార్, మూల మలుపు మర్చిపోయిండ్రు. ఫార్చ్యూనర్ తిరగాలంటే 5.8 మీటర్ల రేడియస్ కావాలె, వ్యాగన్‌ఆర్‌కు 4.7. టీ ఆకారం గల్లీల చిన్న కారు ఒక రివర్స్‌తోని మలుగుతది. పెద్దది ముందుకు, ఎనుకకు, మళ్ల ముందుకు అని మూడు నాలుగు సార్లు ఆడుతది. అంతసేపు అటు దిక్కు, ఇటు దిక్కు ఎవ్వరూ కదలరు. ఇంకొకటి, డోరు. పెద్ద బండి డోరు పూర్తిగ తెరిస్తే ముప్పావు మీటరుకు పైననే బయటికి వస్తది. బట్టల బజారుల అది తెరిచినప్పుడల్లా ఎనుకొచ్చే స్కూటీ బ్రేకు కొట్టాలె, లేకుంటే నడి రోడ్డు మీదికి గుంజాలె.

#4 పరకాల_పత్తి
పట్నం గల్లీలు చూసి అందరినీ ఒకే గాటన కట్టకండి. మా దిక్కు రోడ్ల మీద చిన్న కారు పోతే కింద రాసుకుంటది. స్పీడ్ బ్రేకర్లు చూసిండ్రా? వానకాలం చప్టా మీద నీళ్లు. ఎరువు బస్తాలు, మందు డబ్బాలు, నలుగురు మనుషులు, అన్నీ ఒక్క బండిల పోవాలె. మేడారం జాతరకు పస్రా, తాడ్వాయి మీదికెల్లి పోతే తెలుస్తది పెద్ద బండి విలువ. సోకు కోసం కొనేటోళ్లు వేరు, పని కోసం కొనేటోళ్లు వేరు.

#5 బీటీ_రోడ్డు
పని కోసం కొనేవాళ్లతో పేచీ లేదు. శీర్షికలోనూ వాళ్ల మాట లేదు. కానీ చెప్పిన కారణాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

స్పీడ్ బ్రేకర్: ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు, వంపు 17 మీటర్ల రేడియస్. వ్యాగన్‌ఆర్ అడుగు భాగం నేల నుంచి 165 మి.మీ. ఎత్తులో ఉంటుంది. కొలత ప్రకారం పోసిన బ్రేకర్ ఏ కారుకూ తగలదు. తగిలేది ఊరివాళ్లు రాత్రికి రాత్రి సిమెంటుతో పోసిన ఒకటిన్నర అడుగు వెడల్పు దిమ్మె. ముందు చక్రాలు దిగి, వెనక చక్రాలు ఎక్కకముందు మధ్యలో కడుపు ఆనుతుంది. మందు ఆ దిమ్మెను చెక్కించడం. ప్రతి ఇంట్లో రెండు టన్నుల బండి కొనడం దానికి మందు కాదు.

పల్లె రోడ్డు: మన దగ్గర గ్రామీణ బీటీ రోడ్డు వెడల్పు చాలావరకు 3.75 మీటర్లు. రెండు వ్యాగన్‌ఆర్‌లు ఎదురైతే 3.24, అద్దాలు ముడుచుకొని కష్టంగానైనా దాటతాయి. రెండు ఫార్చ్యూనర్లు 3.71. అద్దాలు కలిపితే రోడ్డు చాలదు. ఒకరు తప్పకుండా బర్మ్ (తారు పక్కన ఉండే మట్టి అంచు) మీదికి దిగాలి. దిగినప్పుడల్లా చక్రం తారు అంచును నొక్కుతుంది. అంచు కింద పట్టుగా ఏమీ ఉండదు, మొరం వానకు కొట్టుకుపోయి ఉంటుంది. తారు ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, బర్మ్ జానెడు లోతుకు దిగిపోతుంది. నల్లరేగడిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఆ అంచు మీద జారి పడేది బైకు మీద పాలక్యాన్లు కట్టుకొని పోయే మనిషి. రిపేరు అంటే ఊడిన అంచును నిలువుగా చెక్కి, మొరం పొరలు పొరలుగా తడిపి రోలర్‌తో దట్టించి, అప్పుడు తారు వేయాలి. మనోళ్లు మొరం పోసి చేతులు దులుపుకుంటారు, అది ఒక్క వానాకాలం నిలవదు.

#6 గ్యారేజ్_కాజీపేట
చప్టా మాట వచ్చింది కాబట్టి నేను చెప్త. పెద్ద బండి నీళ్లల్ల దాటుతది అనే నమ్మకమే ప్రాణాలు తీస్తున్నది.

లెక్క సులువు. అడుగు భాగం 8.9 చదరపు మీటర్లు. బండి అడుగు దాటినంక నీళ్లు 10 సెం.మీ. పెరిగితే కింది నుంచి దాదాపు 890 కిలోలు లేపుతది. ఫార్చ్యూనర్ బరువు 2.1, 2.2 టన్నులు. అంటే అడుగు పైన 25 సెం.మీ. వస్తే చక్రాల మీద బరువే ఉండది. అడుగు ఎత్తు 22 కలిపితే మొత్తం 47. మోకాలి లోతు! అది కూడ నిలబడ్డ నీళ్ల సంగతి. పారే నీళ్లల్ల అంతకంటే ముందే పక్కకు గుంజుతది. వ్యాగన్‌ఆర్‌కు ఇదే లెక్క 31 సెం.మీ. దగ్గర వస్తది. రెండింటికి తేడా 16 సెం.మీ. వాగు వరదల ఉన్నప్పుడు ఆ 16 పెరగడానికి ఎంతసేపు?

పైగ నీళ్లు ఎయిర్ ఫిల్టర్ దాక వస్తే ఇంజన్ నీళ్లు మింగుతది. పిస్టన్ నీళ్లను నొక్కలేకపోతది, కనెక్టింగ్ రాడ్ వంగుతది. బండి ఆగిపోయినంక మళ్ల స్టార్ట్ కొట్టినోడు ఇంజన్ మొత్తం పోగొట్టుకుంటడు. తాడు పట్టుకొని దిగేది ఊరోళ్లు, పోలీసులు, ఫైరోళ్లు. అది కూడ ఎవ్వరి బిల్లుల పడని ఖర్చే.

#7 వడ్డేపల్లి_వాసి
రోడ్లు పాడైతున్నది కూడ ఈ బండ్ల వల్లనే కదా సార్? మా కాలనీల మోరీల మీది బిళ్లలు వరసగ పలుగుతున్నయి. నాలుగో ఘాతం సూత్రం అని ఏదో ఉన్నదంటరు.

#8 బీటీ_రోడ్డు
ఇక్కడ పెద్ద కార్లను అనవసరంగా బోనెక్కించొద్దు.

నాలుగో ఘాతం సూత్రం 1950ల చివర అమెరికాలో ఇల్లినాయ్‌లో చేసిన రోడ్డు పరీక్షల నుంచి వచ్చింది. ఇరుసు బరువు రెండింతలైతే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లు. మనుషులతో కలిపి పెద్ద బండి 2.5 టన్నులు, చిన్నది 1.1 అనుకుంటే నష్టం దాదాపు 27 రెట్లు వస్తుంది. వినడానికి భయంకరంగా ఉంటుంది. కానీ లారీ వెనక ఇరుసుకు, నాలుగు టైర్లది, 2018 నుంచి చట్టం ఇచ్చిన పరిమితి 11.5 టన్నులు. మన పెద్ద బండి ఇరుసు 1.25. ఆ లారీ ఇరుసు ఒక్కసారి పోతే పెద్ద కారు ఇరుసు 7,000 సార్లు పోయినంత నష్టం. కరీంనగర్ గ్రానైట్ లారీ, గోదావరి ఇసుక లారీ, భూపాలపల్లి బొగ్గు టిప్పర్ తిరిగే రోడ్డు మీద కార్ల సైజు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మోరీ బిళ్లలు, మ్యాన్‌హోల్ మూతలు కూడా అంతే. ముందే పోసి తెచ్చే కాంక్రీటు మూతలకు 2.5, 10, 20, 35 టన్నుల గ్రేడులు ఉంటాయి. పెద్ద కారు ఒక్క చక్రం మీద పడేది 600, 650 కిలోలే. 2.5 గ్రేడు మూత కూడా దాన్ని మోస్తుంది. మీ బిళ్లలు పలిగేది నీళ్ల ట్యాంకర్ కింద, ఇల్లు కట్టేవాళ్ల కంకర టిప్పర్ కింద. గుర్తుపట్టడం తేలిక: బిళ్ల నడుమ పలిగితే బరువు ఎక్కువైంది, మూల ఊడితే కింద ఆనుడు సరిగ్గా లేదు.

కాబట్టి తారు రోడ్డు మధ్యభాగం విషయంలో పెద్ద కారు నిర్దోషి. అంచు, జాగ, ఢీ కొన్నప్పటి దెబ్బ వేరే కథ.

#9 క్లెయిమ్_ఫైల్
ఢీ సంగతి నేను చూస్తాను. "ఇంటిల్లిపాది భద్రత కోసం పెద్దది తీసుకున్నాం" అనే మాట సగమే నిజం.

2,200 కిలోల బండి, 850 కిలోల కారు, రెండూ గంటకు 50 కి.మీ. మీద ఎదురెదురు ఢీకొని అతుక్కుపోయాయి అనుకోండి. ఢీ తర్వాత రెండూ కలిసి పెద్ద బండి పోయే దిక్కుకు 22 కి.మీ. వేగంతో కదులుతాయి. పెద్దదాంట్లో ఉన్నవాళ్ల వేగం మారింది 28. చిన్నదాంట్లో ఉన్నవాళ్లు 50 నుంచి ఆగి, వెనక్కి 22 పోయారు, మొత్తం 72. మెడ, ఛాతీ మీద పడే దెబ్బ ఈ మార్పును బట్టే ఉంటుంది. పెద్ద బండి ఆ ప్రమాదాన్ని తగ్గించలేదు, అవతలి కారులోకి తోసింది.

స్టార్ల గురించి కూడా. కార్లను గుద్ది చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్‌లో మొదలైంది. ముందు ఢీ పరీక్షలో బండిని 64 కి.మీ. వేగంతో నలిగే దిమ్మెకు కొడతారు. అంటే తన బరువును తానే తట్టుకుందా అన్నదే చూస్తారు. రెండు టన్నుల బండి 5 స్టార్లు, 900 కిలోల కారు 5 స్టార్లు, రెండూ ఒకదానికొకటి తగిలితే ఫలితం సమానం కాదు. షోరూంలో ఈ మాట ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ వాళ్లకు లేదు.

#10 ఎముకల_వార్డు
కారుకు కారు తగలడం మన దగ్గర చిన్న వంతు. 2022లో దేశంలో రోడ్డు మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు, 19.5 శాతం కాలినడకన పోయేవాళ్లు. ఎన్‌క్యాప్ స్టార్లు వీళ్లను కాపాడవు.

దెబ్బ తీరు బానెట్ ఎత్తును బట్టి మారుతుంది. తక్కువ ఎత్తు, ముందుకు వాలిన బానెట్ అయితే బంపర్ మోకాలి కిందో, మోకాలికో తగులుతుంది. మనిషి బానెట్ మీదికి ఒరుగుతాడు. కాలి ఎముక విరుగుతుంది, తలకు అద్దం తగలొచ్చు, ప్రమాదమే, కానీ దెబ్బ పంచబడుతుంది. ఎత్తుగా, గోడలా నిలబడ్డ ముందు భాగం అయితే దెబ్బ నేరుగా తొడకు, కటికి, పొట్టకు. మనిషి బానెట్ మీదికి రాడు, ముందుకు పడతాడు, ఆ తర్వాత చక్రం. కటి ఎముక విరిగితే లోపల కారే రక్తం బయటికి కనపడదు, లీటర్ల లెక్కన పోతుంది. ఆరేళ్ల పిల్లకైతే అదే ఎత్తు ఛాతీ, తల.

అమెరికాలో బీమా కంపెనీలు నడిపే భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2023లో ఇచ్చిన లెక్క: బానెట్ అంచు 40 అంగుళాలకు పైన ఉన్న బండ్లు పాదచారిని గుద్దితే, 30 అంగుళాల లోపు ఉండి వాలుగా ఉన్న కార్లతో పోలిస్తే, చనిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువ. 40 అంగుళాలంటే మీటరు మీద కొంచెం.

#11 గ్యారేజ్_కాజీపేట
బానెట్ ముందు ఏం కనబడతలేదో ఎవ్వరి బండికి వాళ్లు కొలుచుకోవచ్చు. సమంగ ఉన్న జాగల ఆపండి. సీటు రోజూ పెట్టుకునే తీరుగనే ఉంచి కూసోండి, మెడ సాపకండి. 90 సెం.మీ. ఎత్తు ఉండేటట్టు ఒక కర్రకు ఎర్రగుడ్డ కట్టి, ఇంకొకరితోని బంపర్‌కు ఆనించి నిలబెట్టించండి. మెల్లగ దూరం జరపమనండి. గుడ్డ కనబడ్డ చోట సుద్దతోని గీత గియ్యండి. కుడి మూల, నడుమ, ఎడమ మూల, మూడు సార్లు. ఎడమ మూలే ఎప్పుడూ ఎక్కువ వస్తది.

కన్ను 1.55 మీటర్ల ఎత్తు, బానెట్ అంచు 1.1, కంటికి అంచుకు దూరం 2 మీటర్లు ఉంటే మూడేండ్ల పిల్లగాడు దాదాపు 90 సెం.మీ. దూరం దాక పూర్తిగ మాయం. నేల అయితే దగ్గర దగ్గర 5 మీటర్లు కనబడదు. చిన్న కారు బానెట్ అంచు ఆ పిల్లగాని తల కంటె కిందనే ఉంటది కాబట్టి తల కనబడతది. ఎనుకకు 2019 జూలై నుంచి ప్రతి కారుకు రివర్స్ సెన్సర్ తప్పనిసరి. ముందుకు అసొంటి రూలు లేదు.

#12 పోచమ్మమైదాన్_ఆటో
లైట్ల గురించి చెప్పన్నా. రాత్రి ములుగు రోడ్డు మీద ఎదురొచ్చేటియి డిప్పర్ కొట్టినా కండ్లు మూసుకుపోతున్నయి.

#13 గ్యారేజ్_కాజీపేట
డిప్పర్ కొట్టినా ఎందుకు పడతదంటే, లైటే ఎత్తుల ఉన్నది, ఎనుక బరువు ఎక్కింది. లో బీమ్ మామూలుగ ఒక శాతం కిందికి చూడాలె, పది మీటర్లకు 10 సెం.మీ. ఎనుక ముగ్గురు, డిక్కీల సామాను ఎక్కితే ముక్కు ఒక డిగ్రీ లేస్తది. ఒక డిగ్రీ అంటే పది మీటర్లకు 17 సెం.మీ. కిందికి చూడాల్సింది 7 సెం.మీ. మీదికి చూస్తది. లైటు ఎత్తు 95 సెం.మీ. అయితే 60 మీటర్ల దూరంల ఆ వెలుగు అంచు 1.4 మీటర్లకు చేరుతది. బైకు మీదోని కన్ను సరిగ్గ గాడనే ఉంటది.

స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాక చిన్న చక్రం ఉంటది, మస్తు మందికి అది ఎందుకో తెల్వదు. డ్రైవర్ ఒక్కడే ఉంటే 0, ఎనుక నిండితే 1 లేక 2, డిక్కీల బరువు కూడ ఉంటే 3. సరిచూడాలంటే టైర్ల గాలి సరిగ పెట్టి, గోడకు 10 మీటర్ల దూరంల ఆపి, లైటు నడిమి ఎత్తు గోడ మీద గుర్తు పెట్టి, దానికి 10 సెం.మీ. కింద గీత గియ్యాలె. వెలుగు అంచు ఆ గీత మీద ఉండాలె. హాలోజన్ కోసం చేసిన లైటు డూమ్‌ల బయట కొన్న ఎల్‌ఈడీ బల్బు పెడితే ఈ అంచే రాదు, వెలుగు నలుదిక్కులా చిమ్ముతది. దానికి అడ్జస్ట్‌మెంట్ లేదు, తీసి పాత బల్బు పెట్టుడే.

ఇగ బుల్‌బార్, బంపర్ ముందు కట్టే ఇనుప పైపు. 2017 డిసెంబర్‌లనే కేంద్రం వద్దన్నది, ఇంకా కడుతున్నరు. బంపర్ నలగాలె, ఆ నలుగుడే దెబ్బను తింటది. ఇనుప పైపు చాసిస్‌కు నేరుగ బిగిస్తే నలిగేది ఏం లేదు. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్‌కు అందే దెబ్బ తీరు కూడ మారుతది, తెరుచుకునే సమయం తప్పుతది. తీసుడు గంట పని. తీసినంక బంపర్ బ్రాకెట్లు వంగినయా, సెన్సర్ వైర్లు నలిగినయా చూసుకోండి.

#14 క్లెయిమ్_ఫైల్
అనుమతి లేని మార్పుకు 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా ఉండొచ్చు. కాగితం మీద.

అసలు పన్ను, ప్రీమియం దేన్ని చూస్తాయో గమనించండి. థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నుంచి: 1,000 సీసీ లోపు 2,094 రూపాయలు, 1,000 నుంచి 1,500 వరకు 3,416, ఆ పైన 7,897. అవతలివాడికి తగిలే దెబ్బకే ఈ బీమా. కానీ చూసేది సీసీ. 1,497 సీసీ ఇంజన్ పెట్టిన ఎత్తు బండి, 1,197 సీసీ స్విఫ్ట్ ఒకే వరసలో 3,416 కడతాయి. బరువు, బానెట్ ఎత్తు ఎక్కడా రావు.

రాష్ట్ర లైఫ్ ట్యాక్స్ ధరను చూస్తుంది. జీఎస్టీ పొడవును చూస్తుంది, అదీ ఒక్క గీత దగ్గర. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్ల లోపు, పెట్రోల్ 1,200 సీసీ, డీజిల్ 1,500 సీసీ దాటని వాటికి 18 శాతం, మిగతా వాటికి 40. ఈ 4 మీటర్ల గీత ముందు నుంచీ ఉన్నదే, అందుకే మార్కెట్లో 3,995 మి.మీ. బండ్లు అన్నేసి ఉన్నాయి. పొడవుకు గీత ఉంది కాబట్టి అక్కడ ఆగారు, ఎత్తుకు లేదు కాబట్టి పైకి పెంచారు. ఎలక్ట్రిక్ అయితే సైజు ఏదైనా 5 శాతమే. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు ట్యాక్స్ కూడా లేదు. బ్యాటరీతో రెండు టన్నులు దాటిన బండికీ అదే మినహాయింపు. పొగ రాకపోవచ్చు, బరువు మాత్రం అంతే బరువు.

#15 హంటర్_రోడ్
పొగ లెక్క చిన్నదే. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరు పెట్రోల్‌కు 2.31. నెలకు వెయ్యి కి.మీ., ఊళ్లో పెద్ద డీజిల్ బండి లీటరుకు 10 ఇస్తే 268 కిలోలు. చిన్న పెట్రోల్ కారు 16 ఇస్తే 144. టైరు అరిగి లేచే దుమ్ము, బ్రేకు పొడి బరువుతో పెరుగుతాయి, పొగ పరీక్షలో అవి రావు.

బయట ఏం చేస్తున్నారంటే: పారిస్‌లో 2024 అక్టోబర్ నుంచి 1.6 టన్నులు దాటిన పెట్రోల్, డీజిల్ బండ్లకు, 2 టన్నులు దాటిన ఎలక్ట్రిక్‌లకు, బయటి ఊరి నుంచి వచ్చేవాళ్లకు పార్కింగ్ రుసుం మూడింతలు, నడిబొడ్డులో గంటకు 18 యూరోలు. జపాన్‌లో 3.4 మీటర్ల పొడవు, 1.48 మీటర్ల వెడల్పు, 660 సీసీ లోపు ఉన్న కేయి కార్లకు పన్ను తక్కువ. టోక్యోలో మామూలు కారు కొనాలంటే ఆపే జాగ చూపించాలి. ఆ చివరి రూలు ఇక్కడ పెడితే సగం గల్లీలు ఖాళీ అవుతాయి, పెట్టేవాళ్లు మాత్రం ఓడిపోతారు.

#16 పరకాల_పత్తి
సరే, బ్రేకర్ దిమ్మె మాట ఒప్పుకుంట. ఏడుగురు నిజంగ ఉన్న ఇల్లు ఏం చెయ్యాలె? రెండు కార్లు కొనాల్నా?

#17 క్లెయిమ్_ఫైల్
ఏడు సీట్లకు రెండు టన్నులు అక్కర్లేదన్నా. ఎర్టిగా ఏడు సీట్లే. పొడవు దాదాపు 4.4 మీటర్లు, వెడల్పు 1,735 మి.మీ., బరువు 1.2 టన్నుల దగ్గర. ఫార్చ్యూనర్‌లో దాదాపు సగం. బానెట్ కూడా వాలుగా, కిందికి ఉంటుంది. బురదలో ఫోర్ బై ఫోర్ కావాల్సినవాళ్లు వేరు, వాళ్లు తక్కువ. ఏడాదిలో జాతరకు, వేములవాడకు, రెండు పెళ్లిళ్లకు మాత్రమే ఏడుగురు కలిసేవాళ్లు ఆ రోజులకు కిరాయి బండి మాట్లాడుకోవచ్చు. లెక్క వేయాలనుకుంటే రెండు బండ్ల ధర తేడా, దాని మీద వడ్డీ, ట్యాక్స్ తేడా, బీమా తేడా, ఇంధనం తేడా కలిపి, ఏడు సీట్లు నిండే రోజులతో భాగించండి. వచ్చిన అంకెను కిరాయితో పోల్చండి.

#18 వడ్డేపల్లి_వాసి
మా కాలనీ సంఘం మీటింగ్‌ల 108 దారి సంగతి పెడదామనుకుంటున్న. కొలిచి చూపిస్తెనే వింటరు. ఏమేం కొలవాలె సార్?

#19 బీటీ_రోడ్డు
రాత్రి పది దాటాక కొలవండి, అప్పుడే అన్ని బండ్లూ చేరతాయి. గల్లీ పొడవునా ప్రతి 10 మీటర్లకు ఒక చోట: గోడ నుంచి గోడకు మొత్తం వెడల్పు, మోరీ వెడల్పు, దాని మీద మూత ఉందా లేదా, ఇంటి ర్యాంపు రోడ్డు మీదికి ఎంత వచ్చింది, ఆపిన బండ్ల మధ్య మిగిలిన సందు. సందును అద్దం నుంచి అద్దానికి కొలవాలి, బాడీ నుంచి కాదు. 2.2 మీటర్ల కంటే తక్కువ వచ్చిన ప్రతి చోటా ఎర్ర గుర్తు పెట్టండి. మూలల దగ్గర ఇరుపక్కలా 5 మీటర్ల లోపు ఆపిన బండ్లు విడిగా రాయండి, మలుపు పోగొట్టేది అవే. బండి నంబర్లు, పేర్లు రాయకండి, మీటింగ్ గొడవలోకి పోతుంది. పొడవు, వెడల్పు చాలు.

ర్యాంపులు చూసేసరికి సగం మంది లేస్తారు, ఎందుకంటే చిన్న కారు ఉన్న ఇళ్ల ర్యాంపులు కూడా బయటే ఉంటాయి. అది కూడా పట్టికలో ఉంచండి. 5 మీటర్ల ఇనుప టేపు వెడల్పుకు పనికొస్తుంది గానీ గల్లీ పొడవుకు 30 మీటర్ల ఫైబర్ టేపు తెచ్చుకోండి.